కేసు కట్టినట్టు అందరికీ తెలుసు, కొట్టేసినట్టు ఎవరికి తెలుసు?

గౌరవనీయులైన ప్రకాశం జిల్లా న్యాయసేవాధికార సంస్థ అధ్యక్షులు, ప్రధాన జిల్లా న్యాయమూర్తి గారికి,

మార్కాపురం నుంచి రాస్తున్న బహిరంగ లేఖ ఇది. జిల్లా పోలీసు సూపరింటెండెంట్ గారు కూడా దీన్ని తమకు రాసినట్టుగానే చదవాలని మనవి.

మా పడమటి ప్రకాశంలో ఒక మనిషి మీద కేసు కట్టారంటే ఆ కబురు ఊరంతా పాకడానికి పూట కూడా పట్టదు. అర్ధవీడు అయినా, దోర్నాల అయినా, కొమరోలు అయినా అంతే. ఏళ్ల తరబడి వాయిదాలు తిరిగాక అదే కేసు కొట్టేస్తే, ఆ సంగతి ప్లీడరుకూ గుమాస్తాకూ ఆ మనిషికీ తప్ప నాలుగో మనిషికి తెలియదు. ఒక్కోసారి ఆ మనిషికే సరిగ్గా తెలియదు. చేతిలో కాగితం ఉండదు. “కోర్టులో అయిపోయిందన్నారు” అంటాడు. ఎలా అయిపోయిందో చెప్పలేడు.

కోర్టు పనుల మీద మార్కాపురం వచ్చే పల్లె జనానికి అర్జీలు, దరఖాస్తులు రాసిపెట్టడం నాకు అలవాటు. ఆ పనిలో చూసిందే ఇక్కడ రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే. ఎఫ్ఐఆర్ ఎంత సులువుగా దొరుకుతుందో, ఆ కేసులో వచ్చిన తీర్పు కూడా అంతే సులువుగా దొరకాలి. మొదటిది మాత్రమే దొరికి రెండోది దొరక్కపోతే ఆ రికార్డు సగం నిజమే చెబుతుంది. సగం నిజంతో ఒక మనిషి ఉద్యోగం, పెళ్లి సంబంధం, పాస్‌పోర్టు, ఊళ్లో పరువు అన్నీ తేలిపోతున్నాయి.

కేసు రికార్డు ఎవరి సొత్తు అన్న విషయంలో చట్టం తడబడలేదు. ఎఫ్ఐఆర్ ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. 2016 సెప్టెంబరు 7న యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకేసింది. ఎఫ్ఐఆర్ నమోదైన 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలంది. నెట్ సరిగా అందని చోట్ల 48 గంటలు, మరీ మారుమూలైతే 72 గంటల వరకూ వెసులుబాటు ఇచ్చింది. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులను మినహాయించింది. ఫలానా కేసు సున్నితమైనదని నిర్ణయించే అధికారం డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారికే ఇచ్చింది. తన పేరు ఎఫ్ఐఆర్‌లో ఉందని అనుమానమున్న మనిషి రుసుము కట్టి దరఖాస్తు పెట్టుకుంటే స్టేషన్ 24 గంటల్లో నకలు ఇవ్వాలని కూడా ఆ తీర్పులోనే ఉంది.

అరెస్టుల సంగతీ అంతే. సంహిత 37వ సెక్షన్ ప్రకారం అరెస్టయినవారి పేర్లు, చిరునామాలు, మోపిన నేరం ఏమిటన్న వివరాలు చూసుకోవడానికి ప్రతి స్టేషన్లో ఏఎస్ఐ హోదాకు తగ్గని అధికారి ఒకరుండాలి. ఆ వివరాలు స్టేషన్లోనూ జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనబడేలా పెట్టాలి. కొడుకును రాత్రి ఎవరో జీపులో తీసుకెళ్లారంటూ తెల్లారేసరికి మూడు స్టేషన్లు తిరిగే తల్లి కోసం పుట్టిన సెక్షన్ అది. కానీ అలాంటి బోర్డు ఒకటి ఉండాలనే సంగతే పల్లెల్లో చాలామందికి తెలియదు. తెలియని హక్కును అడిగేవాళ్లుండరు. అడిగేవాళ్లు లేకపోతే బోర్డు మీద దుమ్ము పేరుకుంటుంది.

కేసు స్టేషను దాటి కోర్టుకొచ్చాక దారి మారుతుంది, నంబరూ మారుతుంది. జనం తికమకపడేది ఇక్కడే. స్టేషన్లో క్రైమ్ నంబరు ఉంటుంది. చార్జిషీటు పడి కోర్టు ఫైలుకు తీసుకున్నాక మేజిస్ట్రేటు విచారించే కేసుకు సి.సి. నంబరు వస్తుంది. సెషన్స్ కోర్టుకు వెళ్లాల్సిన కేసైతే ముందు పి.ఆర్.సి. నంబరు, ఆ తర్వాత ఎస్.సి. నంబరు. క్లుప్త విచారణ అయితే ఎస్.టి.సి. వీటన్నిటికీ తోడు ఈ-కోర్టుల వ్యవస్థ ప్రతి కేసుకూ 16 అంకెలూ అక్షరాలూ కలిసిన సి.ఎన్.ఆర్. నంబరు ఇస్తుంది. దేశంలో ఎక్కడ కూర్చుని చూసినా ఆ ఒక్క నంబరుతో కేసు ఎప్పుడు దాఖలైంది, ఏ కోర్టులో ఉంది, ఎన్ని వాయిదాలు పడ్డాయి, చివరికి ఏమైంది అన్నీ కనబడతాయి. చాలా కేసుల్లో తీర్పు పాఠం కూడా అక్కడే చదువుకోవచ్చు. ఇంత పనికొచ్చే నంబరు నిందితుడి చేతిలో ఉండటం మాత్రం అరుదు. అతనికి తెలిసింది ప్లీడరు గారి పేరూ వచ్చే వాయిదా తేదీ.

సి.ఎన్.ఆర్. లేనివాళ్లు పేరు పెట్టి వెతకాలి. అదెలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. మార్కాపురంలో లక్ష్మీ చెన్నకేశవస్వామి కొలువై ఉన్నాడు కనక చుట్టుపక్కల ఊళ్లలో చెన్నకేశవులు అనే పేరు ఇంటింటా వినబడుతుంది. గిద్దలూరు వైపు నుంచి ఒకాయన తన పాత కొట్లాట కేసు ఏమైందో చూడమని నా దగ్గరికొచ్చాడు. ఆయన పేరూ అదే. ఫోనులో ఈ-కోర్టుల సైటు తెరిచాం. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకున్నాక పేరు అడిగింది. ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. చెన్నకేశవులు అని ఒకే మాటగా కొడితే దొరకలేదు. చెన్న, కేశవులు అని విడగొట్టి కొడితే వేరే మనుషులొచ్చారు. ఒక ‘ఎన్’ తీసేసి చూశాం, చివర ‘యు’ మార్చి చూశాం. కేసు నమోదైన సంవత్సరం తప్పనిసరిగా కొట్టాలి, అదేమో ఆయనకు జ్ఞాపకం లేదు. కొనసాగుతున్న కేసులు, ముగిసిన కేసులు అని వేర్వేరు గళ్లున్నాయి. మొదటిదే చూసి “మీ పేరు మీద కేసేమీ లేదు” అని ఆయనకు అంతకు ముందు ఎవరో చెప్పారట. ఒక్కో సంవత్సరమే వేసి ముగిసినవాటిలో వెతికితే ఒకే పేరు మీద వరసగా కేసులు కనబడ్డాయి. అందులో ఈయనెవరో తేల్చడానికి తండ్రి పేరు లేదు, ఊరి పేరు లేదు. ఆఖరికి క్రైమ్ నంబరు రాసున్న చినిగిన నోటీసు ఇంట్లో దొరికాక, స్టేషన్ పేరుతో కలిపి ఎఫ్ఐఆర్ నంబరు గడిలో కొడితే ఒక్క నిమిషంలో కేసు బయటపడింది. ఫలితం గడిలో ఇంగ్లీషులో ఒక్క ముక్క ఉంది. నిర్దోషి అని.

ఆయన ఆ మాట నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత అడిగాడు: “మరి మా ఊళ్లో వాళ్లకు ఇది ఎవరు చెప్తారు సార్?”

పేరుతో వెతకడంలో ఇబ్బందే కాదు, ప్రమాదం కూడా ఉంది. ఒకే పేరున్న మనుషులు పదిమంది ఉన్నచోట, కంపెనీ తరఫున వెతికే కుర్రాడు హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చుని మొదటి వరసలో కనబడిన కేసును మన పిల్లవాడికి అంటగట్టేస్తే దిద్దుకునే దారేది? వర్షాధారపు నేల, ఎండిపోయిన బోర్లు, తగ్గిపోయిన పలకల గనుల పని కలిసి మా పిల్లల్ని ఊళ్లు దాటిస్తున్నాయి. డ్రైవర్లుగా, సెక్యూరిటీ గార్డులుగా, గోదాముల్లో కూలీలుగా వెళ్తున్నారు. చేరేముందు పోలీసు వెరిఫికేషన్ అడగని చోటు నానాటికీ తగ్గుతోంది. వీళ్ల బతుకు రికార్డు మీద ఆధారపడింది కనక ఆ రికార్డు పూర్తిగా, సరిగ్గా ఉండాలి.

అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటుంది. దాన్ని ఆపగలిగేది తమ సంస్థే కనక కాస్త వివరంగా చెబుతాను.

పేకాటలో దొరికారని కేసు. తాగి బండి నడిపారని కేసు. సంతలో చిన్న గొడవ, దాని మీద కేసు. ఇలాంటి వాటిలో జనం అనుకునేది ఒకటే: ఫైన్ కట్టేస్తే పీడ వదిలిపోతుంది. తిరిగితే రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు దండగ, ప్లీడరు ఫీజు వేరే. “ఒప్పుకో, ఏదో కొంత కట్టించుకుని వదిలేస్తారు” అని కోర్టు ఆవరణలో ఎవరో సలహా ఇస్తారు. ఒప్పుకుంటాడు, కడతాడు, ఇంటికెళ్తాడు. కేసు పోయిందనుకుంటాడు. నిజానికి నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే దోషిగా తేలడమే. రికార్డులో పడేది శిక్ష అనే మాటే. అదే గొడవ కేసు రాజీకి వీలున్నదైతే, రాజీ చేసుకుంటే చట్టం దృష్టిలో నిర్దోషిగా విడుదలైనట్టే. పాత కోడ్ 320వ సెక్షన్లోనూ, ఇప్పటి సంహిత 359వ సెక్షన్లోనూ ఆ మాట స్పష్టంగా ఉంది. ఒక దారిలో వెళ్తే జీవితాంతం ‘శిక్ష పడినవాడు’ అనే ముద్ర, ఇంకో దారిలో వెళ్తే నిర్దోషి. ఈ రెండు దారుల మధ్య తేడాను ఆ కూలీకి ఆ ఉదయం ఎవరూ చెప్పకపోవడం అన్యాయం.

ఆ తేడా ఎప్పుడు తగులుతుందంటే, అయిదారేళ్ల తర్వాత. ఆ కుర్రాడు కానిస్టేబుల్ పరీక్ష పాసవుతాడు. పరుగు గెలుస్తాడు. చివర్లో ఒక ఫారం ఇస్తారు. మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా, ఎప్పుడైనా శిక్ష పడిందా అని అందులో ఉంటుంది. కేసు పోయింది కదా అని ‘లేదు’ అని రాస్తాడు. విచారణలో రికార్డు బయటికొస్తుంది. ఇప్పుడు అసలు కేసుకన్నా దాచిపెట్టడమే పెద్ద తప్పయి కూర్చుంటుంది. 2016 జులైలో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇదే విషయం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. చిన్నాచితకా కేసైతే, ఆ వయసులో తెలిసీ తెలియక జరిగిందైతే, అధికారులు దాన్ని చూసీచూడనట్టు వదలవచ్చంది. అయితే ఆ ఉదారతను నమ్ముకునే ముందు, కుర్రాడు నిజం రాయాలి. నిజం రాయాలంటే తన కేసు ఎలా ముగిసిందో అతనికి తెలియాలి.

ఇక్కడ చట్టంలోనే ఒక విచిత్రమైన ఖాళీ ఉంది. జైలుశిక్ష పడినవాడికి తీర్పు ప్రతిని వెంటనే ఉచితంగా చేతికివ్వాలని పాత కోడ్ 363వ సెక్షన్, ఇప్పటి సంహిత 404వ సెక్షన్ చెబుతున్నాయి. అప్పీలు చేసుకోవాలి కనక అది న్యాయమే. నిర్దోషిగా తేలినవాడు మాత్రం నకలు కోసం దరఖాస్తు పెట్టుకుంటేనే ఇస్తారు. దరఖాస్తు ఎక్కడ పెట్టాలో, స్టాంపులు ఎన్ని అంటించాలో, నకలు సిద్ధమైందో లేదో ఎక్కడ చూడాలో తెలియక చాలామంది ఆ కాగితం లేకుండానే ఇంటికి పోతారు. అతనికి అత్యవసరంగా కావలసిన కాగితం అదొక్కటే. అది చేతిలో ఉంటే ఊళ్లో తలెత్తుకోగలడు, స్టేషన్లో చూపగలడు, ఉద్యోగానికి జత చేయగలడు.

తమ ఆధ్వర్యంలో జరిగే జాతీయ లోక్ అదాలత్‌లలో రాజీ అయిన కేసుల అవార్డు ప్రతిని ఇరుపక్షాలకూ ఇవ్వాలన్నది నిబంధన. ఆ రోజు జనసమ్మర్దంలో సంతకాలు పెట్టించుకుని పంపేస్తే, కాగితం తీసుకోవాలనే ధ్యాస ఆ మనిషికి ఉండదు. కేసుల సంఖ్య పత్రికల్లో వస్తుంది. ఆ సంఖ్యలో ఒకడైన మనిషికి తన కాగితం దక్కిందో లేదో ఎవరూ రాయరు.

మరో రకం రికార్డు కోర్టుల్లో ఉండదు, తహసీల్దారు కార్యాలయంలో ఉంటుంది. ఎన్నికలొచ్చినా, ఊళ్లో ఉద్రిక్తత ఉన్నా, సారా కాస్తున్నారన్న అనుమానం ఉన్నా బైండోవర్ చేస్తారు. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదాలో తహసీల్దారు ముందు పూచీకత్తు రాయిస్తారు. అది శాంతి కోసం రాయించుకున్న హామీ మాత్రమే, అందులో శిక్ష ఏమీ లేదు. పల్లెలో మాత్రం దాన్నీ కేసే అంటారు. దాని కాలం ముగిసిందో లేదో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయాల్లో దరఖాస్తుకు రుసుమే లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. ముప్పయి రోజుల్లో జవాబు రావాలి. పోలీసు శాఖకు కూడా ఆ చట్టం వర్తిస్తుంది, దర్యాప్తుకు అడ్డొచ్చే సమాచారం మాత్రం ఇవ్వక్కర్లేదు. అయితే కోర్టు తీర్పుల నకళ్లకు కోర్టు నిబంధనల దారిలోనే వెళ్లాలని, సమాచార హక్కు దరఖాస్తుతో అడగకూడదని 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టుకు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇది తెలియక కోర్టుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, తిరస్కరించారని నీరసపడినవాళ్లను చూశాను. ఏ కాగితానికి ఏ గుమ్మం తొక్కాలో ముందే చెప్పేవాళ్లుంటే ఈ తిప్పలు తప్పుతాయి.

అన్నీ అందరికీ తెరవమని నేను అడగడం లేదు. ఈ మాట బలంగా చెప్పాలి. చార్జిషీటు ఎఫ్ఐఆర్ లాంటిది కాదని, దాన్ని వెబ్‌సైటులో పెట్టమని ఆదేశించలేమని 2023 జనవరిలో సౌరవ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందులో సాక్షుల మాటలుంటాయి, బాధితుల వివరాలుంటాయి. నిందితుడికీ బాధితుడికీ వాటి ప్రతులు అందాలి, బజారుకు కాదు. లైంగిక దాడికి గురైన ఆడపిల్ల పేరు బయటపెట్టడం నేరం, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 72వ సెక్షన్. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల పేర్లు బయటపెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. స్టేషన్లో ఉండే హిస్టరీ షీట్ పోలీసుల అంతర్గత పత్రమే కానీ అందరికీ చూపేది కాదని, అందులో ఇంటిల్లిపాది పేర్లూ చిన్నపిల్లల పేర్లూ ఎక్కించకూడదని 2024 మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు హెచ్చరించింది.

రికార్డు మనిషిని తినేయడం తెలుగు నేలకు కొత్త కాదు. 1871లో వచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తింపజేశారు. ఎరుకల కులంలో పుట్టినందుకే మనుషుల్ని రిజిస్టర్లలో ఎక్కించి, వేలిముద్రలు తీసి, హాజరు వేయించారు. స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. పేరు మీద పడిన మచ్చ మాత్రం ఆ తేదీతో పోలేదు. తర్వాతి తరాలు కూడా మోశాయి. అందుకే రికార్డు తెరవండి అన్నప్పుడల్లా, ఆ రికార్డు మనిషిని ఎక్కడ వదిలేస్తుందన్నది కూడా అడగాలి.

అమెరికాలో మన పిల్లలు చాలామంది ఉన్నారు కనక అక్కడి సంగతీ చెబుతాను. అక్కడ కౌంటీ కోర్టు క్లర్కు కార్యాలయానికి ఎవరైనా వెళ్లి క్రిమినల్ కేసుల రికార్డు చూడొచ్చు. ఆ తెరిచిన తలుపులోంచి సమాచారం మూటలు కట్టుకుని అమ్ముకునే కంపెనీలు పుట్టుకొచ్చాయి. కేసు కొట్టేసినా పాత అరెస్టు కనబడి ఇల్లు అద్దెకు దొరకనివాళ్లు, ఉద్యోగం దొరకనివాళ్లు తయారయ్యారు. దాంతో 2018లో పెన్సిల్వేనియా రాష్ట్రం, ఎవరూ దరఖాస్తు పెట్టక్కర్లేకుండానే కొన్ని రకాల పాత రికార్డులు వాటంతటవే మూసుకుపోయేలా చట్టం చేసింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. మన దగ్గర ఢిల్లీ హైకోర్టు 2021 ఏప్రిల్లో, నిర్దోషిగా తేలిన ఒక అమెరికా పౌరుడి తీర్పు ఇంటర్నెట్ వెతుకులాటలో కనబడకుండా చేయాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. వాళ్లు ఆలస్యంగా నేర్చుకున్నది మనం ముందే నేర్చుకోవచ్చు.

ఎన్నికల్లో నిలబడేవారి సంగతి వేరు. వాళ్ల కేసుల వివరాలు అఫిడవిట్‌లో ఉండాలని సుప్రీంకోర్టు 2002లో, మళ్లీ 2003లో తేల్చింది. 2020 ఫిబ్రవరిలో మరో తీర్పులో, కేసులున్నవారికే ఎందుకు టికెట్టిచ్చారో పార్టీలు కారణంతో సహా ప్రకటించాలంది. ప్రజల మీద అధికారం కోరేవాడి రికార్డు ప్రజలు చూడాలి. అది న్యాయం. నాయకుడి కేసులు ఎవరైనా ఫోనులో చూడగలుగుతున్న రోజుల్లో, త్రిపురాంతకం కూలీకి తన కేసే కనబడకపోవడం మాత్రం న్యాయం కాదు.

దూరం కూడా తమకు తెలియంది కాదు. మార్కాపురం నుంచి ఒంగోలు దాదాపు వంద కిలోమీటర్లు. గిద్దలూరు నుంచైతే ఇంకో యాభై కలపాలి. 1970 ఫిబ్రవరిలో జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. పాత కేసు కాగితం కావాలంటే ఒంగోలు వెళ్లాలా, కర్నూలు వెళ్లాలా అని తిరిగినవాళ్ల కథలు మా పెద్దవాళ్లు చెబుతుంటారు. 2025 నవంబరులో మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లాకు ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది. చాలాకాలపు కోరిక అది. జిల్లా సరిహద్దు గీతలు మారినప్పుడు పోలీసు సర్కిళ్లు మారతాయి, ఫైళ్లు కదులుతాయి, వెబ్‌సైటులో జిల్లా పేరు మారుతుంది. పాత స్టేషన్ పేరుతో వెతికేవాడికి ఏమీ దొరకదు. కోర్టు రికార్డుల్లో కాలం తీరినవాటిని ధ్వంసం చేసే నియమాలూ ఉన్నాయి. ఈ మార్పు మధ్యలో ఎవరి నిర్దోషిత్వమూ ఫైళ్ల కింద కలిసిపోకూడదు.

అందుకని తమకు నా విన్నపాలు ఇవి.

మొదటిది, మార్కాపురం, గిద్దలూరు కోర్టు ఆవరణల్లో కేసు వెతికిపెట్టే సహాయ కేంద్రం రోజూ నడవాలి. ఈ-సేవా కేంద్రాల పథకం ఎలాగూ ఉంది. పారా లీగల్ వాలంటీర్లూ తమ సంస్థకు ఉన్నారు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, తెలుగులో ఓపికగా చెప్పే ఒక మనిషి ఉంటే చాలు. క్రైమ్ నంబరు చెబితే సి.ఎన్.ఆర్. నంబరు చీటీ మీద రాసివ్వాలి. కేసు స్థితిని అచ్చు తీసివ్వాలి.

రెండోది, నిందితుడు మొదటి వాయిదాకు వచ్చినప్పుడే సి.ఎన్.ఆర్. నంబరు రాసున్న కార్డు చేతికివ్వాలి. సమన్ల మీద కూడా ఆ నంబరు పెద్ద అక్షరాల్లో ఉండాలి.

మూడోది, నిర్దోషిగా తేలిన ప్రతి మనిషికీ, రాజీతో బయటపడిన ప్రతి మనిషికీ ఆ తీర్పు లేదా అవార్డు నకలు అందేవరకూ న్యాయసేవాధికార సంస్థే దరఖాస్తు పెట్టించి, వెంటపడి ఇప్పించాలి. ఆడవాళ్లు, ఎస్సీ, ఎస్టీలు తదితరులకు ఉచిత న్యాయసహాయం 1987 చట్టం 12వ సెక్షన్ ఇచ్చిన హక్కు. నకలు కాగితం కూడా ఆ సహాయంలో భాగమే కావాలి.

నాలుగోది, నేరం ఒప్పుకోవడానికి ముందు, ఒప్పుకుంటే రికార్డులో ఏమి పడుతుందో, రాజీకి వీలుంటే ఏమి పడుతుందో తెలుగులో రెండు ముక్కల్లో చెప్పే ఏర్పాటు ఉండాలి. లోక్ అదాలత్ రోజున ఇది మరీ ముఖ్యం.

అయిదోది, ఎస్పీ గారికి. ప్రతి స్టేషన్ ముందు తెలుగు బోర్డు పెట్టించండి. ఫిర్యాదుదారుకు ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితమని, అది వెబ్‌సైటులో ఎక్కడ దొరుకుతుందో, 37వ సెక్షన్ కింద అరెస్టుల వివరాలు చూసే అధికారి ఎవరో దాని మీద రాయించండి. కోర్టు కేసు కొట్టేసిన సంగతి స్టేషన్ రికార్డుల్లోనూ వెరిఫికేషన్ వివరాల్లోనూ ఆలస్యం లేకుండా నమోదయ్యేలా చూడండి. ఎఫ్ఐఆర్‌లో పేరుతో పాటు తండ్రి పేరు, ఊరు స్పష్టంగా ఉండేలా రైటర్లకు చెప్పండి. పేరు స్పెల్లింగు ఆధార్ కార్డులో ఉన్నట్టే రాస్తే సగం తిప్పలు తగ్గుతాయి.

ఆరోది, కొత్త జిల్లా ఏర్పాట్లలో పాత రికార్డులు ఎక్కడికి వెళ్లాయో, పాత నంబరుతో ఎక్కడ అడగాలో ప్రతి మండల కార్యాలయంలో, ప్రతి గ్రామ సచివాలయంలో కాగితం అంటించాలి. సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లకు ఒక్క పూట శిక్షణ ఇస్తే ఊళ్లోనే కేసు స్థితి చూపించగలరు.

వీటిలో కొత్త చట్టం కావలసింది ఏదీ లేదు. ఉన్న చట్టాన్ని మనిషి దగ్గరికి తెచ్చే పనే ఇదంతా.

తమ సంస్థ పేరులోనే సేవ ఉంది, అధికారమూ ఉంది. ఈ ప్రాంతంలో కోర్టును చూసి భయపడే మనిషి ఆ భయం లేకుండా గుమ్మం తొక్కడానికి తమ సంస్థ దగ్గరికంటే మంచి చోటు లేదు. 15100కు ఫోను చేస్తే ఉచిత న్యాయసహాయం దొరుకుతుందని గోడల మీద చూస్తున్నాం. ఆ నంబరుకు ఫోను చేసి “నా కేసు ఏమైందో చెప్పండి” అని అడిగితే, జవాబు చెప్పి కాగితం కూడా ఇప్పించే రోజు రావాలి.

మా వైపు నుంచి చేయాల్సిందీ ఉంది. కేసు ముగిసిన రోజే నకలు దరఖాస్తు పెట్టుకోవాలని, క్రైమ్ నంబరు, సి.ఎన్.ఆర్. నంబరు ఇంటి కాగితాలతో పాటు దాచుకోవాలని, ఉద్యోగ ఫారంలో ఉన్న నిజమే రాయాలని మా ఊళ్లలో చెబుతున్నాం, ఇకపై కూడా చెబుతూనే ఉంటాం. ఎవరి మీదైనా కేసు కట్టారని తెలిసిన ప్రతి ఊరివాడూ, ఆ కేసు ఎలా ముగిసిందో కూడా అడిగి తెలుసుకోవాలి. ఊరి రచ్చబండ మీద ఒక మనిషి కేసు గురించి మాట్లాడే హక్కు తీర్పు చదివినవాళ్లకే ఉంటుంది.

ఈ విన్నపాల మీద తమ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయాలని, ఆ జవాబును మార్కాపురం, గిద్దలూరు కోర్టుల నోటీసు బోర్డుల మీద తెలుగులో అందరికీ కనబడేలా పెట్టించాలని కోరుతున్నాను.

ఇట్లు,
గౌరవంతో,
మార్కాపురం పౌరుడు ఒకరు